పేషీయా, రికార్డు సెక్షనా? అసలు ఆసుపత్రి ఆఫీసులో ఉండే మనం ఎవరమండీ?

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ప్రభుత్వాసుపత్రిలో జూనియర్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. ఏ ఆసుపత్రి అని మాత్రం అడగొద్దు, మా వాళ్లు కూడా ఇక్కడ చదువుతుంటారు. నాన్న ఆరోగ్యశాఖలో పనిచేస్తూ సర్వీసులో ఉండగానే పోయారు. కారుణ్య నియామకం కింద నాకు ఈ ఉద్యోగం వచ్చింది. బీకాం అయ్యాక బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్నదాన్ని, తెచ్చి బర్త్ అండ్ డెత్ సెక్షన్‌లో కూర్చోబెట్టారు.

ఎట్టకేలకు ప్రొబేషన్ డిక్లేర్ అయింది, అకౌంట్ టెస్టు కూడా పాసయ్యాను. ఇప్పుడు సీట్లు మారుస్తున్నారు. మా ఆఫీస్ సూపరింటెండెంట్ మేడమ్ పిలిచి, "పేషీకి వస్తావా, మెడికల్ రికార్డ్స్‌కి వెళ్తావా? సోమవారం లోపు చెప్పమ్మా" అన్నారు. అడిగి మరీ సీటు ఇవ్వడం మా దగ్గర జరిగే పని కాదు. అందుకే కొంచెం మొహమాటంగా కూడా ఉంది.

పేషీ అంటే తెలుసుగా. ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి గది బయట టేబుల్. హెచ్ఓడీలు (విభాగాల పెద్ద డాక్టర్లు) కూడా "అమ్మా, సార్ ఖాళీగా ఉన్నారా?" అని అడిగే లోపలికి వెళ్తారు. కలెక్టరేట్ నుంచి ఫోన్ వస్తే ముందు ఎత్తేది మనమే. రికార్డు సెక్షన్ వెనక బ్లాకులో ఉంటుంది. గోడలకి చెమ్మ, గదినిండా కేస్ షీట్ల బండిళ్లు, అటువైపు వచ్చేవాళ్లు తక్కువ. అందరిదీ ఒకటే మాట: "పేషీ వదులుకుని లూప్ లైన్‌కి ఎవరైనా పోతారా?"

నా టెన్షన్ అది కాదు. ఏ సీటులో కూర్చుంటే నా ఉద్యోగం ఏంటో నాకు తెలుస్తుందా అని. నవ్వకండి.

ఆసుపత్రిలో చేస్తానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో బీపీ మిషను పట్టుకొచ్చేవాళ్లు కొందరు, "మా అత్తకి మోకాళ్ల నొప్పులు, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటావు?" అనేవాళ్లు కొందరు. నేను నర్సుని కాదండీ అంటే "మరి అక్కడ ఏం చేస్తావమ్మా?" అంటారు. లోపల డాక్టర్లకేమో మేం ఆఫీసు వాళ్లం. కలెక్టరేట్‌లో చేసే నా ఫ్రెండ్‌కి మేం హాస్పిటల్ వాళ్లం. పేషెంట్ల తరఫు వాళ్లకి తెలిసింది ఒక్కటే, కిటికీ వెనక కూర్చుని కాగితం అడిగే మనిషి. ఒక్కసారి మాత్రం లెక్కలోకి వచ్చాం. 2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు తొలి విడత ఆరోగ్య సిబ్బందికి కదా, టీకాల పోర్టల్ కోవిన్‌కి పంపే జాబితాలో డాక్టర్లు, నర్సులతో పాటు క్లరికల్, అడ్మినిస్ట్రేటివ్ సిబ్బంది అని కూడా ఒక వర్గం ఉంది. మా ఆసుపత్రి జాబితా టైపు చేసింది మేమే కాబట్టి ఆ ముక్క ముందుగా చూసిందీ మేమే. వార్డుబాయ్ నుంచి ప్రొఫెసర్ దాకా ఒకే షీటులో ఉన్నారు, మధ్యలో ఎక్కడో నేను. భలే సంతోషం వేసింది. ఆ తర్వాత మళ్లీ మామూలే.

బర్త్ సెక్షన్‌లో మాత్రం పని నేర్చుకున్నానని ధైర్యంగా చెప్పగలను. ఫారం 1, అంటే బిడ్డ పుట్టిన వివరాలు రాసే ఫారం, చూసినవాళ్లకి తెలుసు, ఎడమ పక్క చట్టపరమైన వివరాలు, కుడి పక్క గణాంకాల భాగం. ఎడమ పక్కదే రిజిస్టర్‌లోకి ఎక్కి సర్టిఫికెట్ అవుతుంది. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. కాపురం పిడుగురాళ్లలో, కాన్పు గుంటూరులో. అడ్రస్ అడిగితే బాలింత వాళ్లమ్మ టక్కున తమ ఇంటి అడ్రస్ చెప్పేస్తుంది. అమ్మాయి ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. కేస్ షీట్‌లో చూస్తే అత్తింటి ఇంటిపేరు. షేక్ అనేది పేరుకి ముందు రాయాలా వెనక రాయాలా అన్నది ఇంకో తంటా, తండ్రి ఆధార్‌లో ఒకలా, తల్లి ఆధార్‌లో ఒకలా. ఆ పూట కాసేపు కూర్చుని అడిగితే తేలిపోయే విషయాలివి. వదిలేస్తే ఆరేళ్ల తర్వాత స్కూల్లోనో, ఇరవై ఏళ్లకి పాస్‌పోర్టు దగ్గరో బయటపడతాయి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకైతే పుట్టిన తేదీకీ, ఊరికీ ఈ సర్టిఫికెట్టే ఆధారం, ఇంకో కాగితం పనికిరాదు. అందుకే ఫారాలు కిందకి వచ్చేదాకా నేను ఆగను. విజిటర్స్ టైములో బాలింతల వార్డుకి నేనే వెళ్తాను. ఆ టైముకి మొగుడో మామగారో ఉంటారు, కార్డులు చేతిలో ఉంటాయి.

కుడి పక్క భాగంలో పెళ్లినాటికి తల్లి వయసు ఎంత అని ఒక గడి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి అందరూ ఆగుతారు. అడగ్గానే అమ్మాయి వాళ్లమ్మ వైపు చూస్తుంది. వాళ్లమ్మ "పద్దెనిమిది రాయండి" అంటుంది. కేస్ షీట్‌లో అమ్మాయి వయసు పంతొమ్మిది, ఇది రెండో కాన్పు, పెద్దవాడికి మూడేళ్లు. లెక్క వేయడానికి క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. నాకు ముందు ఆ సీటులో ఉన్నాయన ఎవరినీ అడక్కుండా అన్నిటికీ పద్దెనిమిదే వేసేవారు. నేను వాళ్లమ్మని ఏదో జిరాక్స్‌కి పంపించి, అమ్మాయిని మళ్లీ ఒకసారి మెల్లగా అడుగుతా. చెప్తే చెప్పింది రాస్తా. చెప్పకపోతే వాళ్లమ్మ చెప్పిందే రాస్తా, నేను పోలీసుని కాదు. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు. ఇలా చేస్తున్నానని మా ఆఫీసులో ఎవరికీ తెలియదు కూడా.

మరి దీన్ని వృత్తి అనొచ్చా? లేక ఒళ్లు దాచుకోకుండా చేసే గుమాస్తా పని, అంతేనా? వైద్యశాఖ ఆఫీసుల్లో చేస్తున్నవాళ్లు, చేసి రిటైరైనవాళ్లు చెప్పండి. దేని వల్ల మీకు "ఇది నా పని, నేను ఫలానా" అనిపించింది? జీతం, పెన్షన్ సంగతి వద్దు. పెన్షన్ ఎటూ సీపీఎస్సే, మన జీతంలోంచి కోసి జమచేసేదే.

నైట్ డ్యూటీ సిస్టర్:

ముందు నా సరెండర్ లీవ్ ఫైలు (సెలవులు వదులుకుని డబ్బు తీసుకునేది) ఎక్కడుందో చెప్పండి, మీరెవరో నేను చెప్తా :)

సరదాకి అన్నాలెండి. వార్డు వైపు నుంచి ఒక మాట. మాకు తెలిసిన ఆఫీసు వాళ్లు రెండు రకాలు. "సార్ లేరు, రేపు రండి" అనేవాళ్లు ఒక రకం. "సిస్టర్, ఫలానా కాగితం తక్కువైంది, అది ఇస్తే ఇవాళే పెట్టేస్తా" అనేవాళ్లు ఇంకో రకం. రెండో రకం ఎవరెవరో హాస్పిటల్ మొత్తానికీ తెలుసు, వాళ్ల సీటు మారితే మాకు దిగులు. ఇక ఫారం పట్టుకుని వార్డుకి వచ్చే క్లర్కుని నా సర్వీసులో చూడలేదు. మా దగ్గర ఫారం 1 నింపేది మేమే, ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య దొరికిన సందులో. ఇంటిపేర్లు తప్పు పడకేం చేస్తాయి?

మీ ప్రశ్నకి జవాబు నాకు తెలియదు గానీ పేషీకి మాత్రం పోవద్దు. అక్కడ కూర్చున్నవాళ్లు నాలుగు నెలలు తిరక్కుండానే సూపరింటెండెంట్ గొంతుతో మాట్లాడటం మొదలెడతారు.

ట్రెజరీ గడప:

ఇంత ఆలోచన దేనికండీ? ఉద్యోగం ఉద్యోగమే. అయిదున్నరకి బీరువా తాళం వేసి ఇంటికి పోతే నేను ఎవరినో మా ఆవిడ చెప్తుంది. పేషీకి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్ వస్తుంది, ఆదివారం కూడా వస్తుంది. రికార్డ్స్‌లో డస్ట్ ఎలర్జీ వస్తుంది. మీకు ఏది పడుతుందో చూసుకోండి.

రిటైర్డ్ ఓఎస్, సత్యనారాయణపురం:

అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను 1984లో టైపిస్టుగా చేరాను. బెజవాడలో, గుంటూరులో, మధ్యలో కొన్నాళ్లు ఒక ఏరియా ఆసుపత్రిలో చేసి ఆఫీస్ సూపరింటెండెంట్‌గా దిగిపోయాను. వయసు మీద పడింది కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టు.

మా రోజుల్లో ఆఫీసులో మనిషిని పేరుతో పిలవడం తక్కువ. సీటుతో పిలిచేవాళ్లు. నేను బీ2ని. "బీ2 గారూ, టీకి వస్తారా?" అనేవాళ్లు. చేరిన కొత్తలో నామోషీగా ఉండేది. తర్వాత తెలిసింది, బీ2 అంటే నర్సింగ్ సిబ్బంది ఎస్టాబ్లిష్‌మెంట్ మొత్తం. వాళ్ల ఇంక్రిమెంటు, సెలవు, బదిలీ, పెన్షన్ ప్రపోజల్, అన్నీ నా బల్ల మీద నుంచే పోవాలి. ఎవరి సర్వీస్ రిజిస్టర్‌లో ఏ పేజీ చిరిగిందో కూడా చెప్పేవాణ్ని.

పని నేర్పింది టాటెన్‌హామ్ పద్ధతి, అంటే ఆఫీసులో ఫైళ్లు నడిపే పద్ధతి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వస్తున్నది, ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చినా కింద ఉన్న ఎముకలు అవే. వచ్చిన ప్రతి తపాలుకీ కరెంటు నంబరు (వరస నంబరు) వేయాలి, పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించాలి, పని అయ్యాక ఫైలు ముగించాలి. ఆర్.డిస్ అని ముగిస్తే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్లు, కె.డిస్ అంటే మూడేళ్లు, ఎల్.డిస్ అంటే ఏడాది. సంతకం ఆఫీసరుదే, కానీ ఏ డిస్పోజల్ అని రాసి పెట్టేది గుమాస్తా. ఏ కాగితం పదేళ్ల తర్వాత ఎవరికి పనికొస్తుంది, ఏది తగలబెట్టినా నష్టం లేదు, ఈ అంచనా ఎంత గొప్ప సర్జన్‌కైనా రాదు. ఆయనకి అక్కర్లేదు కూడా. ఇది మన చదువు.

నువ్వడిగిన ప్రశ్నకి నా జవాబు పాముమందు దగ్గర దొరికింది. ఏ ఆసుపత్రి అన్నది వదిలెయ్. వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే పాముకాట్లు వరసపెట్టి వస్తాయి, కృష్ణా డెల్టాలో ఆసుపత్రులకి ఇది ఏటా ఉన్నదే. ఒక ఏడాది వార్డులో యాంటీ స్నేక్ వీనం వయల్స్ అడుగంటాయి. సెంట్రల్ డ్రగ్ స్టోర్‌లో లేవు. లోకల్ పర్చేజ్ చేయాలి. చేయాలంటే స్టోర్ నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ రావాలి, కొటేషన్లు కావాలి, ఏ పద్దులోంచి ఖర్చు పెడుతున్నామో రాయాలి. అప్పటి సూపరింటెండెంట్ గారు కొత్త. మంచి ఫిజీషియనే, కానీ అంతకుముందు పనిచేసిన చోట కొనుగోళ్ల మీద ఆడిట్ పారా (ఆడిట్ వాళ్ల అభ్యంతరం) పడి చేతులు కాల్చుకున్నారు. ఫైలు పెడితే మార్జిన్‌లో "స్పీక్" అని రాసి వెనక్కి పంపారు. సర్వీసులో ఉన్నవాళ్లకి తెలుసు, "స్పీక్" అంటే సంతకం పెట్టనూ లేను, కాదననూ లేను, వచ్చి ధైర్యం చెప్పు అని.

వెళ్లాను. అక్కడ నేను పాముకాటు గురించి ఒక్క మాట మాట్లాడలేదు, అది ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఫలానా పరిధి వరకు అత్యవసర కొనుగోలుకి మీకు అధికారం ఉంది, ఇదిగో ఉత్తర్వు. స్టోర్ సర్టిఫికెట్ పొద్దున్నే తెచ్చి 14వ పేజీగా కలిపాను. కొటేషన్లు మూడు, తక్కువది ఇది. వార్డు ఇండెంట్ మీద డ్యూటీ డాక్టర్ టైముతో సహా రాశారు, ఆ టైము ముఖ్యం, రేపు ఆడిట్ వాళ్లు ముందు చూసేది అదే. ఇంతే చెప్పాను. ఆయన పేజీలు తిప్పి చూసుకుని సంతకం పెట్టారు. మధ్యాహ్నానికి మందు వార్డులో ఉంది. పైన బెడ్ మీద పడుకున్న రైతుకి కింద ఒక ఫైలు ఉందని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ ఆ పూట నుంచి నేను ఏ శాఖ మనిషినని ఎవరైనా అడిగితే తడుముకోలేదు.

తర్వాత చాలా మారాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక బడ్జెట్ కోసం ఎదురుచూడటం ఒక్కటే కాకుండా క్లెయిములు పెట్టి రాబట్టుకోవడం కూడా ఆసుపత్రి పనైంది. 2018లో బిల్లులు ఆన్‌లైన్‌లో పెట్టే సీఎఫ్ఎంఎస్ వచ్చాక ట్రెజరీ కౌంటర్ దగ్గర బిల్లులు పట్టుకుని నిలబడే బాధ పోయి, డీడీఓ గారి (బిల్లులు పాస్ చేసే ఆఫీసరు) వేలిముద్ర కోసం ఆపరేషన్ థియేటర్ బయట మిషను పట్టుకుని నిలబడే బాధ వచ్చింది. అవన్నీ చెప్తే తెల్లారుతుంది.

పేషీ గురించి సిస్టర్ గారు అన్నదాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. పేషీలో కూర్చుంటే ఆసుపత్రి మొత్తం కనిపిస్తుంది. ఆక్సిజన్ ప్లాంటు సంగతి, శానిటేషన్ కాంట్రాక్టరు సంగతి, ఎమ్మెల్యే గారి సిఫారసు, మార్చురీ దగ్గర గొడవ, అన్నీ అక్కడికే వస్తాయి. కాకపోతే ఆ గౌరవం సారుది, మనది కాదు. నేను సీసీగా (క్యాంపు క్లర్కుగా) చేసిన సారు బదిలీ అయిన మర్నాడే నాకు నమస్కారాలు సగానికి పడిపోయాయి. సబ్జెక్టు చేతిలో ఉన్నవాడు పేషీకి వెళ్తే పది విషయాలు నేర్చుకుని బయటికి వస్తాడు. చేతిలో ఏమీ లేకుండా వెళ్తే ఫోన్ ఎత్తే మనిషిగా మిగిలిపోతాడు. నీకు జనన మరణాల సబ్జెక్టు వచ్చింది. దాని పక్కన ఇంకొకటి పెట్టుకుని, ఆ తర్వాత వెళ్లు.

రికార్డ్స్ లూప్ లైన్ అన్నవాళ్లు ఎప్పుడూ కోర్టుకి వెళ్లి ఉండరు. రోడ్డు ప్రమాదం కేసు ఒకటి, నరసరావుపేట కోర్టులో నష్టపరిహారం దావా. లారీ క్లీనర్, కాలు పోయింది. ఆ ప్రమాదంలో తగిలిన దెబ్బే కాదని ఇన్సూరెన్స్ వాళ్ల వాదన. యాక్సిడెంట్ రిజిస్టర్ పట్టుకుని రమ్మని సమన్లు వస్తే నేను వెళ్లాను. లాయరు నన్ను గాయం గురించి అడిగాడు. "అయ్యా, నేను డాక్టర్ని కాదు, గాయం గురించి చెప్పలేను. ఈ రిజిస్టర్ మా ఆసుపత్రిది. పేజీలకి నంబర్లున్నాయి, ఏదీ చిరగలేదు. ఈ ఎంట్రీకి ముందు నంబరు ఇది, తర్వాత నంబరు ఇది, టైము వరస తప్పలేదు. అంతవరకు నేను చెప్పగలను" అన్నాను. జడ్జి గారు రాసుకున్నారు. ఎంతవరకు చెప్పగలవో, ఎక్కడ ఆగాలో తెలియడమేనమ్మా మన ఉద్యోగం. పెళ్లినాటి వయసు గడి దగ్గర నువ్వు చేస్తున్నదీ అదే. గుమాస్తా పని అని ఎందుకు తగ్గించుకుంటావు?

ఓపీ కౌంటర్ 3:

పెద్దాయన రాసింది చాలా బాగుంది సార్. కానీ నా వైపు నుంచి ఒకటి చెప్తా, ఏమీ అనుకోకండి.

నేను విజయవాడలో డేటా ఎంట్రీ ఆపరేటర్ని, ఔట్‌సోర్సింగ్. 2020లో ఔట్‌సోర్సింగ్ వాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఆప్కాస్‌లోకి మార్చాక జీతం నేరుగా ఖాతాలో పడుతోంది, ఏజెన్సీ వాళ్ల చుట్టూ తిరిగే పని తప్పింది. అంతవరకు మేలే. కానీ మీరు చెప్పేవన్నీ సర్వీస్ రిజిస్టర్ ఉన్నవాళ్ల కబుర్లు. ప్రొబేషన్, అకౌంట్ టెస్టు, బీ2 సీటు, ఇవేవీ మాకు లేవు. మేడమ్‌ని "ఏ సీటు కావాలమ్మా" అని అడిగారు. మాకు పొద్దున వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, ఇవాళ ఫలానా కౌంటర్ అని.

పని మాత్రం నాకూ వచ్చు. ఫోన్ ఉన్నవాళ్లు క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తెచ్చుకుంటారు, వాళ్లతో గొడవ లేదు. మైలవరం నుంచి వచ్చిన ముసలమ్మకి ఫోన్ లేదు, ఆభా నంబరు (ఆరోగ్య ఖాతా నంబరు) అంటే ఏంటో తెలియదు, ఆధార్‌కి ఎప్పుడో కొడుకు నంబరు ఇచ్చింది, వాడు హైదరాబాదులో ఉంటాడు. ఓటీపీ వాడికి పోతుంది, వాడు డ్యూటీలో ఉండి ఎత్తడు. వెనక లైను కదలట్లేదని అరుపులు. ఆభా లేకుండానే చీటీ ఇచ్చి పంపించొచ్చని నాకు తెలుసు. రోజుకి ఇన్ని ఆభాలు లింక్ అవ్వాలని పైనుంచి లెక్క అడుగుతారని కూడా తెలుసు. నేను చీటీ ఇచ్చేస్తా.

తర్వాత ఏ ఓపీ అని రాయాలి. "కడుపులో నొప్పి" అంటారు. జనరల్ మెడిసిన్, సర్జరీ, ఆడవాళ్లయితే గైనిక్. తప్పు గదికి పంపితే రెండు గంటలు నిలబడి మళ్లీ నా దగ్గరికే వస్తారు. అందుకే రెండు ముక్కలు అడిగి రాస్తా, ఎన్నాళ్ల నుంచి, ఎక్కడ, వాంతులున్నాయా అని. చెమటలు పట్టి ఛాతీ మీద చెయ్యేసుకున్న మనిషికి చీటీ రాస్తూ కూర్చోకూడదు, ముందు క్యాజువాలిటీకి తోలాలి అని నాకు నేర్పింది గేటు దగ్గర సెక్యూరిటీ అన్న. ఆయనదీ ఔట్‌సోర్సింగే. మాకు ట్రైనింగ్ ఇచ్చారు, సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో చెప్పారు, అంతే.

ఇంట్లో అడిగితే గవర్నమెంట్ హాస్పిటల్‌లో చేస్తున్నా అంటా. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం "పర్మినెంటా?" అని అడుగుతారు. అక్కడ నేను ఎవరినో తేలిపోతుంది.

రిటైర్డ్ ఓఎస్, సత్యనారాయణపురం:

బాబూ, నువ్వన్నది నిజం. దానికి నా దగ్గర ఓదార్పు మాట లేదు, చెప్పినా బాగుండదు. మా రోజుల్లో నీ జాగాలో ఎన్ఎంఆర్‌లు, అంటే మస్టర్ రోల్ మీద రోజుకూలికి చేసేవాళ్లు, ఉండేవాళ్లు. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు వరసగా చేసినవాళ్లని 1994లో వచ్చిన 212 జీవో కింద రెగ్యులర్ చేశారు, ఖాళీ పోస్టు, అర్హత లాంటి షరతులతో. ఆ ఫైళ్లు కొన్ని నా చేతి మీదుగా వెళ్లాయి. పని అందరిదీ ఒకటే. కానీ మస్టర్ రోల్ కాగితం దొరికినవాడికి ఆర్డర్ వచ్చింది, మధ్యలో కొన్ని నెలల రోల్స్ ఎలకలు కొట్టేసినవాడికి రాలేదు. వాళ్లలో ఒకాయన ఆ తర్వాత కూడా చాలాకాలం మా ఆఫీసులోనే తపాళ్లు పంచాడు. నేను ఆయన మొహం చూడలేకపోయేవాణ్ని.

కాబట్టి ఒకటి చెయ్. నీ ఎంగేజ్‌మెంట్ ఆర్డర్, ప్రతి రెన్యువల్, జీతం పడిన స్టేట్‌మెంట్లు, నీ పేరున్న డ్యూటీ రోస్టర్లు, అన్నీ ఇంట్లో ఒక ఫైలులో తేదీ వరసన పెట్టుకో. వాట్సాప్ మెసేజ్‌లు కూడా ప్రింట్ తీసి పెట్టు. ఎప్పుడు ఏ ఉత్తర్వు వస్తుందో ఎవరికీ తెలియదు.

నైట్ డ్యూటీ సిస్టర్:

మా కాంట్రాక్ట్ స్టాఫ్ నర్సులకీ ఇదే చెప్తున్నా ఎప్పటి నుంచో. వినరు. సార్, మీరు మా ఫైలు కూడా చూసి ఉండాల్సింది!

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ థాంక్స్. సార్, మీరు రాసిన కోర్టు సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. నాన్న కూడా ఒకసారి రిజిస్టర్ పట్టుకుని కోర్టుకి వెళ్లారట, వెళ్లే ముందు రోజు రాత్రి ఇస్త్రీ చొక్కా కోసం ఇల్లంతా హడావుడి చేశారట. నాకు తెలియని విషయం.

ఓపీ కౌంటర్ 3 గారూ, మీ పోస్టు చదివాక నా ప్రశ్న కొంచెం కడుపు నిండినవాళ్ల ప్రశ్నలా అనిపించింది. కానీ వెనక్కి తీసుకోను. మీరు కడుపునొప్పికి రెండు ముక్కలు అడిగి గది రాస్తున్నారు చూడండి, దానికి సీటుతో సంబంధం లేదు, దానికి మీకు జీతంలో ఒక్క రూపాయి కలవదు, అయినా చేస్తున్నారు. నేను అడిగింది దాని గురించే. పర్మినెంట్ అయి ఉండి కూడా అది లేనివాళ్లు మా ఆఫీసులో ఉన్నారు, వాళ్ల పక్కనే కూర్చుంటాను. అలాగని మీ మెడలో ఉన్న కార్డు మీద ఏం రాసుందో అది మారక్కర్లేదని నేను అనట్లేదు.

మేడమ్‌కి ఇవాళే చెప్పేశాను, రికార్డ్స్ అని. బర్త్ సెక్షన్ కూడా నా దగ్గరే ఉంచమని అడిగాను. "రెండూ ఎలా చేస్తావు?" అన్నారు. కేస్ షీటు, ఫారం 1 ఒకే మనిషి చూస్తే పేర్ల తేడాలు సగం అక్కడే ఆగిపోతాయి మేడమ్ అన్నా. రాసి పెట్టమన్నారు. నోటు పెట్టాను. మా సూపరింటెండెంట్ గారు దాని మీద ఏం రాశారో ఊహించండి.

ట్రెజరీ గడప:

"స్పీక్"?

బ్రాడీపేట నాలుగో లైను:

అవును :) రేపు పదకొండింటికి.

మంగళగిరి నుంచి:

మేడమ్, ఈ టాపిక్‌కి సంబంధం లేదు, కానీ మీరు బర్త్ సెక్షన్ కాబట్టి అడుగుతున్నా. మా పాపకి నాలుగేళ్లు. సర్టిఫికెట్‌లో పాప పేరు ఖాళీగా ఉంది, నా ఇంటిపేరులో ఒక అక్షరం కూడా తప్పు పడింది. స్కూల్ వాళ్లు అడుగుతున్నారు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

బ్రాడీపేట నాలుగో లైను:

ఇవి రెండు వేరే పనులండీ, ఒకే అర్జీలో కలపకండి. పేరు చేర్చడం మొదటి ఏడాదిలో అయితే ఉచితం. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు లేట్ ఫీజుతో చేరుస్తారు, మీకు ఇబ్బంది లేదు. ఇంటిపేరు తప్పుది దిద్దుబాటు కిందకి వస్తుంది, దానికి సరైన స్పెల్లింగ్ ఉన్న ఆధారాలు చూపించాలి. ముందు దిద్దుబాటు పెట్టండి, లేకపోతే పేరు చేర్చాక అదే తప్పు ఇంటిపేరుతో ఇంకో కాపీ వస్తుంది. మంగళగిరిలో తిరిగే ముందు ఒకటి చెప్పండి, పాప పుట్టింది ఎక్కడ? ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్లాలి. డిశ్చార్జ్ కాగితం మీద ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి.